కొల్యూర్, బన్యుల్స్ ఎలా చూడాలి: ముందు కొండ, తర్వాతే గ్లాసు

ఫ్రాన్స్ మ్యాపు తీసి అట్టడుగు అంచు చూడండి. పిరెనీస్ కొండలు మధ్యధరా సముద్రంలోకి దిగే చోట, స్పెయిన్ సరిహద్దును ఆనుకుని కొల్యూర్, పోర్ వాంద్ర్, బన్యుల్స్, సెర్బేర్ అని నాలుగు చిన్న ఊళ్ళు వరసగా ఉంటాయి. రూసియోన్ ప్రాంతంలోని ఈ తీరాన్ని కోత్ వెర్మేయ్ అంటారు. వైన్ కోసం బోర్డోకో షాంపేన్‌కో వెళ్తామనే వాళ్ళను నేను ఆపను, కానీ ద్రాక్ష తోట, చేపల రేవు, పాత కోట, పెద్ద చిత్రకారులు కూర్చుని బొమ్మలు వేసిన వీధి, ఇవన్నీ కాలినడకన తిరిగేంత దగ్గరలో ఒకేచోట కావాలంటే మాత్రం ఇక్కడికే వెళ్ళమంటాను.

చాలామంది బార్సిలోనా నుంచి పొద్దున్నే బయల్దేరి, కొల్యూర్‌లో దిగి, గంట గోపురం ముందు ఫోటో దిగి, ఏదో ఒక షాపులో ఒక గ్లాసు తీపి వైన్ తాగి సాయంత్రానికి వెనక్కి వెళ్ళిపోతారు. అలా వెళ్తే ఆ వైన్ ఎందుకంత ఖరీదో, ఎందుకంత తీపో, ఆ ఊరికీ ఆ కొండకీ ఉన్న సంబంధం ఏమిటో ఏదీ తెలియదు. కనీసం మూడు రాత్రులు ఉండండి. ముందు కొండ ఎక్కండి, తర్వాత ఊరు తిరగండి, చివర్లో వైన్ రుచి చూడండి. కింద చెప్పేదంతా ఆ వరసలోనే చెబుతాను. మందు ముట్టని వాళ్ళు కూడా ఇది చదవండి, ఎందుకంటే ఇక్కడ చూడాల్సినదాంట్లో సగానికి పైగా గ్లాసుతో పనిలేనిదే.

ముందు నెల తేల్చుకోండి

ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా బాగుంటుంది, సెప్టెంబర్, అక్టోబర్ ఇంకా బాగుంటాయి. జూలై, ఆగస్టుల్లో ఎండ కంటే జనంతోనే ఇబ్బంది. కొల్యూర్ చిన్న ఊరు, పార్కింగ్ దొరకదు, దారి పొడవునా కార్లు నిలబడిపోతాయి. ఆగస్టు మధ్యలో అక్కడ సెయింట్ విన్సెంట్ ఉత్సవం జరుగుతుంది, 16వ తేదీ రాత్రి బాణసంచా కాలుస్తారు. అది చూడాలనే వెళ్తే సరే, లేదంటే ఆ వారం వదిలేయండి. నవంబర్ నుంచి మార్చి దాకా హోటళ్ళు, రెస్టారెంట్లు చాలావరకు మూసే ఉంటాయి.

ద్రాక్ష కోత ఆగస్టు చివర్లో మొదలై సెప్టెంబర్ అంతా నడుస్తుంది. ఈ వాలుల్లో కోత యంత్రాలు నిలబడవు, కాబట్టి ఇప్పటికీ చేత్తోనే కోస్తారు. అక్టోబర్‌లో బన్యుల్స్‌లో కోతల పండుగ ఉంటుంది. ద్రాక్ష పళ్ళను పడవల్లో ఒడ్డుకు తెస్తారు, జనం సముద్రం ఒడ్డునే కూర్చుని భోజనాలు చేస్తారు, చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఆడే సర్దానా నాట్యం కూడా ఉంటుంది. తేదీ ఏటా మారుతుంది గనుక టికెట్లు తీసుకునే ముందు ఊరి టూరిజం ఆఫీసు వాళ్ళ సైట్ ఒకసారి చూడండి.

గాలి సంగతి కూడా గుర్తుంచుకోవాలి. వాయవ్యం నుంచి ట్రామొంటాన్ అనే గాలి వీస్తుంది. అది వీచిన రోజు ఆకాశం తళతళలాడుతుంది, ఫోటోలు అద్భుతంగా వస్తాయి, కానీ టోపీ నిలవదు, చలి ఎముకల్లోకి దిగుతుంది. మే నెల అయినా సరే, గాలి ఆపే జాకెట్ ఒకటి బ్యాగులో పెట్టుకోండి.

వీసా, దారి

హైదరాబాద్ నుంచి వెళ్ళేవాళ్ళకు షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, 15 రోజుల ముందు దాకా తీసుకుంటారు గానీ అంతవరకు ఆగితే ఊరికే టెన్షన్. పెద్దవాళ్ళకు ఫీజు 90 యూరోలు, సర్వీస్ చార్జీ వేరే. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల కవరేజీతో ఉండాలి. చాలామంది తికమకపడేది ఒకచోట ఉంది: ఈ ఊళ్ళకు బార్సిలోనా మీదుగా రావడమే తేలిక, మరి వీసా స్పెయిన్‌ది అడగాలా, ఫ్రాన్స్‌దా? ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశాన్నే అడగాలి. రెండింట్లోనూ సమానంగా ఉంటే ముందు ఏ దేశంలో అడుగుపెడతారో దానికి అప్లై చేయాలి. హోటల్ బుకింగులు కూడా ఆ లెక్కకు సరిపోయేట్టు ఉంచుకోండి.

బార్సిలోనా సాంట్స్ స్టేషన్ నుంచి పెర్పిన్యాన్‌కు హైస్పీడ్ రైల్లో సుమారు గంటా ఇరవై నిమిషాలు. పారిస్ గార్ ద లియోన్ స్టేషన్ నుంచి టీజీవీ అనే ఫ్రెంచ్ హైస్పీడ్ రైల్లో అయిదు గంటలు పడుతుంది. తులూజ్‌లోనో మాంపెలియేలోనో చదువుకునే మన పిల్లలున్న అమ్మానాన్నలకైతే ఇది మరీ సులువు. తులూజ్ నుంచి నార్బొన్‌లో రైలు మారి మూడు గంటల్లో వచ్చేయొచ్చు, పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు ఒక వారాంతం దీనికి కేటాయించండి. పెర్పిన్యాన్ నుంచి టీఈఆర్ అనే లోకల్ రైలు కొల్యూర్, పోర్ వాంద్ర్, బన్యుల్స్ మీదుగా సెర్బేర్ వరకు పోతుంది. కొల్యూర్‌కు అరగంట లోపే, అక్కడి నుంచి బన్యుల్స్‌కు పావుగంట లోపే. టీజీవీ టికెట్ ముందే కొంటే చౌక, లోకల్ రైలుకు ఆ తొందర లేదు, ఎప్పుడు కొన్నా అదే ధర. ఫ్రెంచ్ రైల్వే వాళ్ళ ఎస్‌ఎన్‌సీఎఫ్ కనెక్ట్ యాప్‌లో రెండూ దొరుకుతాయి. సాయంత్రం ఆఖరి రైలు ఎన్నింటికో పొద్దున్నే చూసిపెట్టుకోండి, పెద్ద ఊళ్ళలోలాగా అర్ధరాత్రి దాకా తిరగవు.

కారు తీసుకోవాలా? నా మాట వింటే వద్దు. రోడ్డు వంకర్లు తిరుగుతూ ఉంటుంది, పార్కింగ్‌కు సగం రోజు పోతుంది, అన్నిటికీ మించి వైన్ రుచి చూసి స్టీరింగ్ పట్టుకోకూడదు. ఫ్రాన్స్‌లో పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాల్, లైసెన్స్ వచ్చి మూడేళ్ళు నిండని వాళ్ళకు 0.2 మాత్రమే. అంటే కొత్తవాళ్ళు దాదాపు ఒక్క గ్లాసు కూడా ముట్టకూడదన్నట్టే. రైలూ కాళ్ళూ చాలు.

బస ఎక్కడ

కొల్యూర్ అందమైనది, ఖరీదైనది, పగలు కిక్కిరిసి ఉంటుంది. పోర్ వాంద్ర్ పనిచేసే రేవు, గదుల ధరలు తక్కువ, పొద్దున్నే పడవల చప్పుడు వినిపిస్తుంది. బన్యుల్స్‌లో సముద్రం ఒడ్డున పొడవైన నడక బాట ఉంది, ద్రాక్ష తోటలు వీధి చివరే మొదలవుతాయి, వైన్ సెల్లార్లు, అంటే వైన్ నిలవచేసి అమ్మే చోట్లు కూడా అక్కడే ఎక్కువ. నేనైతే బన్యుల్స్‌లోనే ఉండమంటాను. కొల్యూర్‌కు పొద్దున తొమ్మిదింటికల్లా వెళ్ళిపోండి, లేదా సాయంత్రం టూరిస్ట్ బస్సులు వెళ్ళిపోయాక వెళ్ళండి, ఊరు ఊరిలా కనిపిస్తుంది. హోటల్ మార్చుకుంటూ తిరగాల్సిన పనిలేదు, నాలుగు ఊళ్ళూ ఒకే రైలు లైన్ మీద ఉన్నాయి.

పెర్పిన్యాన్‌లో రైలు మారేటప్పుడు మూడు గంటలు దొరికితే సామాను ఎక్కడైనా పెట్టి మయోర్కా రాజుల కోట చూసి రండి. 1276 నుంచి 1344 వరకు మయోర్కా రాజ్యం ఉండేది, పెర్పిన్యాన్ దానికి రాజధాని. తర్వాత ఈ నేల అరగాన్ రాజుల కిందికి, స్పెయిన్ కిందికి వెళ్ళి, 1659లో పిరెనీస్ సంధితో ఫ్రాన్స్‌కు వచ్చింది. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, మిగతా ప్రయాణమంతా అర్థమవుతుంది. వీధి బోర్డులు ఫ్రెంచ్‌తో పాటు, సరిహద్దుకు రెండువైపులా మాట్లాడే కాటలాన్ భాషలో ఎందుకున్నాయి, ప్రతి గుట్ట మీదా ఒక కోట ఎందుకుంది, పసుపు ఎరుపు చారల కాటలాన్ జెండా ఎందుకు ఎగురుతుంది అని మళ్ళీ ఎవరినీ అడగక్కర్లేదు.

మొదటి పొద్దు కొండకే ఇవ్వండి

బన్యుల్స్‌లో అయినా కొల్యూర్‌లో అయినా సరే, మొదటి రోజు ఎండ ముదరకముందే ఊరి వెనక తోటల్లోకి వెళ్ళే దారి పట్టుకోండి. దారులకు రంగు గీతల గుర్తులుంటాయి. మంచి బూట్లు, మనిషికి లీటరున్నర నీళ్ళు తప్పనిసరి, తోటల్లో నీడ ఉండదు.

పైకి వెళ్ళేకొద్దీ కాళ్ళ కింద ముదురు గోధుమ రంగులో, పలకలుగా విడిపోయే రాయి కనిపిస్తుంది. ఇక్కడి నేలంతా అదే. మట్టి చాలా పల్చన, కొన్నిచోట్ల జానెడు కూడా ఉండదు, ద్రాక్ష వేర్లు రాతి పగుళ్ళలోంచి కిందికి దిగి నీళ్ళు వెతుక్కుంటాయి. ఆ రాళ్ళనే ఏరి, సున్నం, సిమెంటు ఏదీ లేకుండా ఒకదానిమీద ఒకటి పేర్చి గోడలు కట్టి, వాలును మెట్లు మెట్లుగా చేశారు. ఈ నాలుగు ఊళ్ళ తోటల్లో ఇలాంటి గోడలన్నీ కలిపితే సుమారు 6,000 కిలోమీటర్లని అక్కడి వాళ్ళు లెక్క చెబుతారు. ఒకచోట నిలబడి కొండను కింది నుంచి పై దాకా చూస్తే ఆ లెక్క నమ్మబుద్ధేస్తుంది.

గోడల మధ్యలో ఏటవాలుగా దిగే రాతి కాలువలు కనిపిస్తాయి, అవి అక్కడక్కడా కోడి కాలి వేళ్ళలా కలుసుకుంటాయి. వాటిని దాటుకుంటూ పోకుండా ఆగి చూడండి. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు వాన ఉండదు, పడితే మాత్రం శరదృతువులో కుండపోతగా పడుతుంది, ఆ నీళ్ళు వాలు మీద పరుగెత్తితే ఉన్న కాస్త మట్టీ సముద్రంలో కలుస్తుంది. ఆ పరుగును విడగొట్టి, మళ్ళించి, నెమ్మదిగా కిందికి దింపేందుకే ఈ కాలువలు. ఏ ఇంజినీరింగ్ కాలేజీ లేని రోజుల్లో రైతులు కట్టిన పని ఇది, ఇప్పటికీ పనిచేస్తోంది.

తీగల్ని పందిరి మీదికి పాకించరు, పొట్టిగా, విడివిడి పొదల్లా పెంచుతారు, ఈ గాలికి అదే తట్టుకుంటుంది. ద్రాక్ష రకాల్లో గ్రెనాష్ ముఖ్యం, నల్లది, బూడిద రంగుది, తెల్లది మూడూ ఉన్నాయి, వాటితో పాటు కరిన్యాన్, సిరా, ముర్వెద్ర్ పెంచుతారు. దిగుబడి ఎకరాకు చాలా తక్కువ, పనేమో ఎక్కువ. అందుకే కొన్ని మెట్లు బీడుపడి గోడలు కూలి కనిపిస్తాయి. కొత్త తరం రావడం కష్టమవుతోంది, పైగా ఈ మధ్య ఏళ్ళలో కరువు బాగా దెబ్బ తీసింది, 2023 ఏప్రిల్‌లో సెర్బేర్ దగ్గర అంటుకున్న మంట బన్యుల్స్ వైపు కొండల్ని కూడా కాల్చింది. కింద ఊళ్ళో ఒక సీసా ధర చూసి ఇంతా అనిపించినప్పుడు ఈ గోడలు గుర్తుతెచ్చుకోండి.

కొన్ని నియమాలు పాటించండి. గోడల మీదికి ఎక్కొద్దు, ఒక రాయి కదిలితే పక్కవి జారతాయి, మళ్ళీ పేర్చేది ఆ రైతే. పండు కోయొద్దు. సిగరెట్ అసలు వద్దు. గాలి ఎక్కువగా ఉన్న వేసవి రోజుల్లో అగ్ని ప్రమాద భయంతో కొన్ని దారులు మూసేస్తారు, హోటల్ వాళ్ళను అడిగే బయల్దేరండి.

ఓపికున్న వాళ్ళు సుమారు 650 మీటర్ల ఎత్తున్న మదెలోక్ బురుజు దాకా వెళ్ళొచ్చు. మయోర్కా రాజుల కాలపు కాపలా బురుజు అది, పైనుంచి ఒకవైపు రూసియోన్ మైదానం, ఇంకోవైపు స్పెయిన్ తీరం కనిపిస్తాయి. బన్యుల్స్ నుంచి రానూపోనూ దాదాపు రోజంతా పడుతుంది. పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉంటే అంత అక్కర్లేదు, ఊరి నుంచి గంట నడిస్తే చాలు, నేను చెప్పినవన్నీ కనిపిస్తాయి.

కొల్యూర్: తొందరపడొద్దు

స్టేషన్ నుంచి పది నిమిషాలు కిందికి నడిస్తే రేవు. ఎదురుగా నీళ్ళలోకి చొచ్చుకొచ్చినట్టుండే గులాబీ గుమ్మటపు గోపురం, మొన్నటిదాకా ఫోటోల్లో మీరు చూసింది అదే. అది మధ్యయుగాల్లో రేవుకు దారి చూపే దీపస్తంభం. పాత చర్చి కోటకు అడ్డుగా ఉందని 1670ల్లో కూల్చేశారు, కొత్తదాన్ని 1684, 1691 మధ్య ఆ దీపస్తంభానికి ఆనించి కట్టారు, అప్పుడది గంట గోపురమైంది. చాలామంది బయటినుంచే ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు, మీరు లోపలికి వెళ్ళండి. లోపల చీకటిగా ఉంటుంది, ఆ చీకట్లో జోసెఫ్ సున్యెర్ అనే కాటలాన్ శిల్పి చెక్కిన, బంగారు పూత పూసిన మూడంతస్తుల చెక్క పీఠం గోడంతా నిండి ఉంటుంది.

పక్కనే రాజకోట. మయోర్కా రాజులు వేసవి విడిదిగా వాడుకున్నారు, తర్వాత స్పెయిన్ వాళ్ళు గోడలు లావు చేశారు, 1659 తర్వాత ఫ్రాన్స్ సైనిక ఇంజినీరు వోబాన్ దాని చుట్టూ ఉన్న ఇళ్ళు కూల్చి మరీ గట్టిపరిచాడు. టికెట్ కొని లోపలికి వెళ్తే బురుజుల మీదినుంచి రేవు మొత్తం కనిపిస్తుంది. సాయంత్రం ఎండకు ఇంకో కోట, కొండ మీది సెయింట్ ఎల్మ్, ఐదో చార్లెస్ చక్రవర్తి 16వ శతాబ్దంలో కట్టించింది, దానికి నడిచి వెళ్ళండి. దారిలో పాత గాలిమర, ఆలివ్ చెట్లు, ద్రాక్ష తోట వస్తాయి, ముప్పావుగంటలో పైకి చేరొచ్చు.

1905 వేసవిలో హెన్రీ మాతీస్ ఇక్కడ గది తీసుకుని, స్నేహితుడు ఆంద్రే దెరాన్‌ను కూడా రమ్మన్నాడు. ఇద్దరూ కలిసి ఎర్రటి నేల, నారింజ రంగు పడవ తెరచాపలు, ఆకుపచ్చ నీడలు వేసి ఆ శరదృతువులో పారిస్ ప్రదర్శనలో పెడితే, ఆ రంగులు చూసి ఒక విమర్శకుడు వాళ్ళను క్రూరమృగాలన్నాడు. ఫ్రెంచ్‌లో క్రూరమృగాలను ఫోవ్ అంటారు, వాళ్ళ చిత్రకళా పద్ధతికి ఫావిజం అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. వాళ్ళు వేసిన బొమ్మల నకళ్ళను ఏ చోట నిలబడి వేశారో సరిగ్గా ఆ చోటే ఊరంతా పెట్టారు. టూరిజం ఆఫీసులో మ్యాపు తీసుకుని ఒక్కోటీ వెతుక్కుంటూ వెళ్ళండి. పిల్లలున్న ఇంటికి ఇది మంచి ఆట, బొమ్మలో ఉన్న కిటికీ ఏదో, పడవలు ఎక్కడ నిలిపేవారో వాళ్ళే కనిపెడతారు. అసలు బొమ్మలు మాత్రం ప్రపంచమంతా చెదిరిపోయాయి, మాతీస్ వేసిన కొల్యూర్ కిటికీ వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.

రేవుకు కొద్ది అడుగుల్లోనే పాత శ్మశానం, అక్కడ స్పానిష్ కవి ఆంతోనియో మచాదో సమాధి. 1939 జనవరి చివర్లో, స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫ్రాంకో సైన్యానికి ఓడిపోయిన లక్షల మంది స్పెయిన్ నుంచి ఈ సరిహద్దు దాటి వచ్చారు, తల్లిని వెంటబెట్టుకుని ఆయనా వచ్చాడు. ఫిబ్రవరి 22న కొల్యూర్‌లో చనిపోయాడు, మూడు రోజులకు ఆవిడా పోయింది. ఆ సమాధికి ఒక పోస్టు డబ్బా ఉంది, జనం ఇప్పటికీ ఆయనకు ఉత్తరాలు రాసి అందులో వేస్తారు. ఈ తీరం అందంగా ఉందని చెప్పేవాళ్ళు చాలామంది దీని గురించి చెప్పరు, నాకది సరిగ్గా అనిపించదు. పది నిమిషాలు అక్కడ నిలబడండి.

చేప తినేవాళ్ళు ఆంకోవీల పనివాళ్ళను చూడకుండా రావొద్దు. మన నెత్తళ్ళ జాతి చేప అది. తల, పేగు తీసి, ఉప్పులో పొరలు పొరలుగా పేర్చి నెలల తరబడి మాగబెడతారు, తర్వాత కడిగి, ముల్లు తీసి, ఒక్కో ముక్కా చేత్తో అమరుస్తారు. ఒకప్పుడు ఊరంతా ఈ పనే చేసేది, ఇప్పుడు రోక్, దెక్లో అనే రెండు కుటుంబాల కార్ఖానాలు మిగిలాయి. రెండింట్లోనూ చూసి, రుచి చూసి కొనుక్కోవచ్చు.

ఇప్పుడు వైన్

ఈ నాలుగు ఊళ్ళ తోటల నుంచే రెండు పేర్లతో వైన్ వస్తుంది. కొల్యూర్ పేరుతో వచ్చేది తీపి లేని మామూలు వైన్, ఎరుపు, రోజే అనే గులాబీ రంగుది, తెలుపు మూడూ ఉంటాయి. బన్యుల్స్ పేరుతో వచ్చేది తీపిది, 1936లో ఆ పేరుకు చట్టపరమైన గుర్తింపు వచ్చింది.

తీపి ఎలా వస్తుందంటే, ద్రాక్ష రసం పులుస్తూ చక్కెర ఆల్కహాల్‌గా మారుతున్నప్పుడు, చక్కెర ఇంకా మిగిలి ఉండగానే ద్రాక్ష నుంచే తీసిన ఘాటైన స్పిరిట్ కొంచెం కలుపుతారు. అంతటితో ఈస్ట్ పని ఆగిపోతుంది, మిగిలిన చక్కెర అలాగే ఉండిపోతుంది. బయటి చక్కెర వేయరు. 13వ శతాబ్దంలో అర్నో ద విల్‌నోవ్ అనే వైద్యుడు ఈ పద్ధతి కనిపెట్టాడని చెబుతారు. సీసాలో ఆల్కహాల్ 15 నుంచి 18 శాతం దాకా ఉంటుంది, మామూలు వైన్ కంటే ఎక్కువ, తియ్యగా ఉంది కదా అని గబగబా తాగితే తల తిరుగుతుంది.

బన్యుల్స్‌లోనే రకాలున్నాయి. రిమాజ్ అని రాసి ఉంటే గాలి తగలకుండా తొందరగా సీసాలో పోసింది, నేరేడు, చెర్రీ లాంటి తాజా పండు రుచి. సంప్రదాయ పద్ధతిదైతే ఏళ్ళ తరబడి పీపాల్లో గాలి తగులుతూ మాగింది, కొందరు పెద్ద గాజు బుడ్ల నిండా పోసి ఆరుబయట ఎండకు, చలికి వదిలేస్తారు. రంగు ఇటుక రంగుకు తిరిగి, వాల్‌నట్, అంజీర, కాఫీ వాసనలొస్తాయి. గ్రాన్ క్రూ అనే పై తరగతిదైతే కనీసం 30 నెలలు చెక్క పీపాలో ఉండాలి, అందులో కనీసం నాలుగింట మూడు వంతులు నల్ల గ్రెనాష్ ఉండాలి.

సెల్లార్‌కు వెళ్ళినప్పుడు లోపల అడుగుపెట్టగానే బోంజూర్, అంటే నమస్కారం అనండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది, ఫ్రాన్స్‌లో కాదు. పలకరించకుండా నేరుగా ధర అడిగితే మర్యాద తెలియని వాళ్ళని అనుకుంటారు. ఊళ్ళో ఉన్న సహకార సంఘాల సెల్లార్లలోకి మామూలుగా నడిచి వెళ్ళొచ్చు, కొల్యూర్‌లో ఒకటి పాత డొమినికన్ మఠంలోనే నడుస్తోంది. కుటుంబాలు నడిపే చిన్న సెల్లార్లకు మాత్రం ముందు రోజు ఫోన్ చేయండి, కోతల సమయంలో వాళ్ళకు ఊపిరాడదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా చాలావరకు మూసేస్తారు.

వరస ఇలా అడగండి: ముందు కొల్యూర్ తెలుపు, తర్వాత ఎరుపు, తర్వాత రిమాజ్, ఆ తర్వాత మాగిన బన్యుల్స్. తీపిదానితో మొదలుపెడితే తర్వాతదేదీ నాలుకకు తెలియదు. గుక్కెడు నోట్లో తిప్పి, పక్కనున్న తొట్టిలో ఉమ్మేయడం అక్కడ తప్పు కాదు, తెలిసినవాళ్ళు అదే చేస్తారు, మొహమాటపడొద్దు. ఒకపూట రెండు సెల్లార్లు చాలు. మధ్యలో నీళ్ళు తాగండి, ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు. మాగిన బన్యుల్స్‌ను చేదు చాక్లెట్‌తోనో, రోక్‌ఫోర్ లాంటి నీలి చారల చీజ్‌తోనో రుచి చూడండి. చాక్లెట్‌కు వైన్ జత కుదరడం కష్టం, ఇది మాత్రం కుదురుతుంది.

తాగని వాళ్ళు సెల్లార్ చూడటానికి రావచ్చు, ఎండలో వరసగా నిలబెట్టిన పీపాలు, ఆ చల్లటి గదుల వాసన చూడాల్సినవే. తాగనని మర్యాదగా చెబితే ఎవరూ బలవంతపెట్టరు. బన్యుల్స్ వెనిగర్ అని ఒకటి అమ్ముతారు, ఇంటికి తీసుకెళ్ళడానికి మంచిది, కీరా ముక్కల మీద రెండు చుక్కలు చాలు.

మూడో రోజు తీరం వెంట

పోర్ వాంద్ర్‌లో దిగి రేవు చుట్టూ తిరగండి. లోతైన సహజ రేవు ఇది, రోమన్ల కాలంలో వీనస్ దేవత పేరుతో పిలిచేవారు. పదహారో లూయీ గౌరవార్థం నిలబెట్టిన స్తంభం ఇంకా ఉంది, విప్లవంలో ఆ రాజు తలే పోయినా. గ్లాస్గో ఆర్కిటెక్ట్ చార్ల్స్ రెనీ మకింటోష్ భవనాలు కట్టడం మానేసి 1920ల్లో ఇక్కడే ఉండి నీటిరంగుల బొమ్మలు వేశాడు.

అక్కడి నుంచి సముద్రం అంచున నడిచే దారి బేయార్ అంతరీపం దీపస్తంభం మీదుగా పొలీల్ వరకు, ఆపైన బన్యుల్స్ వరకు పోతుంది. సగం రోజు పైనే పడుతుంది, గాలి ఎక్కువైన రోజు అంతరీపం వైపు వెళ్ళొద్దు. పొలీల్ తప్పకుండా చూడండి. 1870లో ఇక్కడ నోబెల్ డైనమైట్ ఫ్యాక్టరీ పెట్టారు, 1984 దాకా నడిచింది. ఇప్పుడు ఆ స్థలం తోటగా, బీచ్‌గా, పాత చెక్క పడవలు బాగుచేసే వర్క్‌షాపుగా మారింది, ప్రవేశం ఉచితం. పేలుళ్ళలో పోయిన కార్మికుల గురించి కూడా అక్కడి ప్రదర్శన చెబుతుంది.

బన్యుల్స్‌లో శిల్పి అరిస్తీద్ మయోల్ పుట్టింది 1861లో. ఊరి నుంచి లోయలోకి గంట నడిస్తే ఆయన పనిచేసుకున్న ఇల్లు మ్యూజియంగా ఉంది, సమాధి కూడా అక్కడే, మీద ఆయన చెక్కిన బొమ్మే కూర్చుని ఉంటుంది. వెళ్ళే ముందు తెరిచే వేళలు చూసుకోండి. పిల్లలుంటే ఒడ్డునే ఉన్న ఆరాగో సముద్ర పరిశోధనశాల వాళ్ళ ఆక్వేరియం చూపించండి. సెర్బేర్, బన్యుల్స్ మధ్య సముద్రం 1974 నుంచి రక్షిత ప్రాంతం, వేసవిలో పెరెఫిత్ బీచ్ దగ్గర ముఖానికి మాస్క్ పెట్టుకుని నీళ్ళలో గుర్తుల వెంట ఈదే దారి ఉంటుంది.

ఇంకొక పూట మిగిలితే రైలెక్కి సెర్బేర్. స్పెయిన్ పట్టాలు మనవాటిలా వెడల్పు, ఫ్రాన్స్‌వి ఇరుకు, అందుకే ఒకప్పుడు సరుకంతా ఇక్కడ దింపి మార్చేవాళ్ళు, నారింజ పళ్ళు మోసిన ఆడకూలీలు 1906లో సమ్మె కూడా చేశారు. సొరంగం దాటితే పోర్ట్‌బౌ, స్పెయిన్. నాజీల నుంచి పారిపోతూ బన్యుల్స్ నుంచి కొండదారిన నడిచి వచ్చిన తత్వవేత్త వాల్టర్ బెంజమిన్ 1940 సెప్టెంబర్‌లో అక్కడే చనిపోయాడు. శ్మశానం పక్కన సముద్రం వైపు దిగే ఇనుప మెట్ల స్మారకం ఆయన కోసమే. పాస్‌పోర్ట్ జేబులో ఉంచుకోండి, షెంగెన్ అయినా ఈ రైళ్ళలో పోలీసులు తరచుగా అడుగుతారు.

తిండి సంగతి

శాకాహారులకు ఇక్కడ కొంచెం కష్టమే గానీ పస్తులు ఉండరు. నిప్పుల మీద కాల్చిన వంకాయ, క్యాప్సికం ముక్కలతో చేసే ఎస్కలివాద్, టమాటా రుద్దిన రొట్టె, పైన చక్కెర కాల్చిన క్రేమ్ కాటలాన్ దొరుకుతాయి. ఎస్కలివాద్ మీద తరచుగా ఆంకోవీ పెట్టేస్తారు, ఆర్డరిచ్చేటప్పుడే సాఁ వ్యాంద్, సాఁ ప్వాసోఁ, అంటే మాంసం వద్దు, చేప వద్దు అని చెప్పండి. మధ్యాహ్న భోజనం పన్నెండు నుంచి రెండింటి లోపే, రాత్రిది ఏడు తర్వాతే. మధ్యలో ఆకలేస్తే బేకరీ దిక్కు. కొల్యూర్‌లో బుధ, ఆదివారాల పొద్దున సంత ఉంటుంది, పళ్ళు, రొట్టె, ఆలివ్‌లు కొనుక్కుంటే ఒకపూట గడిచిపోతుంది.

సీసా ఇంటికి తేవాలంటే

మాగిన రకాన్నే కొనండి. గాలికి అలవాటుపడ్డది గనుక మూత తీశాక కూడా వారాలపాటు బాగుంటుంది, ఇంట్లో నలుగురికీ కొంచెం కొంచెంగా పోయొచ్చు. రిమాజ్ అయితే తీసిన కొద్ది రోజుల్లోనే తాగేయాలి. చేతి సామానులో పెట్టనివ్వరు, చెక్ ఇన్ బ్యాగులో బట్టల మధ్య చుట్టిపెట్టండి, బిల్లు దగ్గర ఉంచుకోండి. మన దేశంలోకి మనిషికి 2 లీటర్ల వరకే సుంకం లేకుండా అనుమతి. అంటే ముప్పావు లీటరు మామూలు సీసాలు రెండు, దానికి తోడు అర లీటరుది ఒకటి. బన్యుల్స్ అర లీటరు సీసాల్లో కూడా అమ్ముతారు, షాపులో అడిగితే ఇస్తారు.